ఈ నెల ఏ ప్లేటు విన్నారు?

(నెలకొకసారి కలిసి, అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం రికార్డులు వినే మిత్రుల సమావేశంలో, బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న మాట. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయీ, ఆ రెక్క కాస్త దగ్గరగా వెయ్యి తల్లీ. గోపాలపురం సముద్రం మనకు దగ్గరే కదా, సాయంత్రం గాలి మళ్లిందంటే తడి లోపలికి వస్తుంది. మనకు హాయిగానే ఉంటుంది కాని ఈ బల్లమీద ఉన్న ప్లేట్లకు ఆ తడి పడదు. మా చిన్నతనంలో ఇంట్లో ఎవరూ రికార్డు అనేవారు కాదు, గ్రామఫోను ప్లేటు అనేవారు. నాకు ఇప్పటికీ ఆ మాటే నోటికి వస్తుంది.

ఈ రోజు పదకొండు మంది పదకొండు ప్లేట్లు తెచ్చారు. నన్ను జాజ్ చరిత్ర చెప్పమన్నారు. మాటల్లో మాటగా అది కొంత వస్తుంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మాత్రం మనం పెట్టుకున్న నియమం గురించి. ప్లేటు తెచ్చినవారు దాన్ని ఎంతకు కొన్నారో, అది ఎంత అరుదో చెప్పరు. ఆ నెలంతా దాన్ని తిప్పి తిప్పి వింటే చెవికి ఏం తగిలిందో చెబుతారు. తెలుగులోనో ఒడియాలోనో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెబుతారు. కొత్తగా వచ్చినవారికి ఇది పిల్లల ఆటలా కనిపించవచ్చు. ఈ నియమం వల్ల నా చెవికి ఎంత మేలు జరిగిందో చెబితే, దాన్ని ఎందుకింత పట్టుగా పాటిస్తామో మీకే తెలుస్తుంది.

నేను రైల్వేలో పనిచేశాను. హౌరా–మద్రాసు లైనులో, ఈ గంజాం జిల్లాలోనే చిన్న చిన్న స్టేషన్లలో ఎక్కువ కాలం గడిచింది. రాత్రి డ్యూటీలు అలవాటైన మనిషికి డ్యూటీ లేని రాత్రి కూడా నిద్ర పట్టదు. క్వార్టర్సులో రేడియో ముందు కూర్చునేవాణ్ణి. షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా వచ్చేది. అందులో విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955 నుంచి జాజ్ కార్యక్రమం నడిపేవాడు. ఇంగ్లిషు అంతగా రానివారికి కూడా అర్థం కావాలని ఒక్కొక్క మాటనూ విడదీసి, నింపాదిగా పలికేవాడు. 'టేక్ ద ఏ ట్రెయిన్'తో కార్యక్రమం మొదలయ్యేది. బిల్లీ స్ట్రేహార్న్ కట్టిన ఆ పాటను డ్యూక్ ఎలింగ్టన్ బృందం 1941లో రికార్డు చేసింది. న్యూయార్కులో హార్లెం వెళ్లాలంటే ఏ రైలు ఎక్కాలో చెప్పే పాట అది. రాత్రి పన్నెండు దాటాక, అవుటర్ సిగ్నల్ దగ్గర గూడ్సు బండి కూత వినిపిస్తుండగా ఆ పాట వింటే స్టేషనులో పనిచేసేవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

అయితే షార్ట్‌వేవ్‌లో శబ్దం అలలాగా వచ్చి వెనక్కి పోయేది. సాక్సఫోన్ మంచి పట్టుమీద ఉండగా గొంతు సన్నగిల్లి మాయమయ్యేది, మళ్లీ వచ్చేసరికి వాద్యం పియానో చేతిలో ఉండేది. మధ్యలో పోయిన ఆ ముక్క కోసమే నేను ప్లేట్లు వెతకడం మొదలుపెట్టాను. పాసు మీద కలకత్తా వెళ్లినప్పుడల్లా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత ప్లేట్ల దుకాణాల ముందు నిలబడేవాణ్ణి. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' నాకు అక్కడే దొరికింది. 1959లో వచ్చిన ప్లేటు అది. డేవిస్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ సాక్సఫోన్లు, బిల్ ఎవాన్స్ పియానో, పాల్ చేంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్. ఒక్క పాటలో మాత్రం వింటన్ కెలీ పియానో. ఈ పేర్లు అప్పటికే నాకు కంఠతా వచ్చు. ఎన్నో ఏళ్లు ఆ ప్లేటును ఒంటరిగా విన్నాను. దాన్ని ఎంత సరిగా వినలేదో ఒక ఆదివారం తెలిసింది.

మా అమ్మాయి అప్పట్లో గాత్రం నేర్చుకునేది. ఆ రోజు సాధన మధ్యలో శ్రుతిపెట్టెను రెండు కట్టెల మీద (శ్రుతి ఎత్తును మనం కట్టెల్లో చెబుతాం కదా) మోగుతూనే వదిలి వంటింట్లోకి వెళ్లింది. నేను ఇవతల 'సో వాట్' పెట్టాను. అది కూడా రెండు కట్టెల పాటే, అంటే వాళ్ల డి స్వరం ఆధారంగా నడిచేది. రెండూ కలవాలి కదా? కలవలేదు. ప్లేటు ఒక పిసరు పైన ఉంది. అమ్మాయి వంటింట్లోంచే అడిగింది: "నాన్నగారూ, మీ ప్లేటు శ్రుతి ఎందుకు తప్పింది?"

నాకు మనసు చివుక్కుమంది. ముందు యంత్రాన్నే అనుమానించాను. బెల్టు సాగితే వేగం తగ్గాలి కాని పెరగకూడదు. నా దగ్గర నూట ఎనభై గీతలు గీసిన కాగితపు చక్రం ఒకటి ఉంది. దాన్ని తిరిగే పళ్లెం మీద పెట్టి ట్యూబులైటు కింద చూడాలి. మన కరెంటు సెకనుకు 50 చుట్ల లెక్కన నడుస్తుంది కాబట్టి చోక్ ఉన్న పాతరకం ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. పళ్లెం నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లు తిరిగితే, తిరుగుతున్న చక్రం మీద గీతలు కదలకుండా నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. వేగం పెరిగితే ముందుకు పాకుతాయి, తగ్గితే వెనక్కి జారుతాయి. పెట్టి చూశాను. గీతలు గోడమీద వేసిన ముగ్గులా కదలకుండా నిలబడ్డాయి. యంత్రంలో దోషం లేదు. అప్పుడు ప్లేటు తిప్పి రెండో వైపు 'ఆల్ బ్లూస్' పెట్టాను. అది జి స్వరం మీద ఉంటుంది. శ్రుతిపెట్టెను అయిదు కట్టెలకు మార్చాను. పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోయింది.

అంటే తేడా మొదటి వైపులోనే ఉంది. తర్వాత చాలా కాలానికి చదివి తెలుసుకున్నాను. ఆ ప్లేటు రెండు రోజుల్లో రికార్డయింది, మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి. మొదటి రోజు టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును సరైన వేగంతో వినిపిస్తే పాట తొందరపడుతుంది, శ్రుతి పైకి ఎక్కుతుంది. మొదటి వైపున్న మూడు పాటలూ ఆ రోజువే. 1992లో వచ్చిన కొత్త ముద్రణలో దాన్ని సరిచేశారు. అంతవరకు, ముప్పైమూడేళ్లు, ప్రపంచమంతా ఆ వైపును హెచ్చు శ్రుతిలోనే విన్నది.

నేనేదో కనిపెట్టానని చెప్పడం లేదు. సంగీతజ్ఞులకు అది ముందే తెలుసు. నా మాట ఏమిటంటే, అన్నేళ్లు విన్న నా చెవికి అది అందలేదు. పక్కన ఇంకో శ్రుతి, అడిగేందుకు ఇంకో మనిషి ఉన్న రోజునే అందింది. ఒంటరిగా వింటున్నంత కాలం నేను వినడం కంటే ఇష్టపడటం ఎక్కువ చేశాను.

ఆ తర్వాత అమ్మాయీ నేనూ కలిసి కూర్చున్నాం. సా నుంచి సా దాకా 'సో వాట్' స్వరాలు ఏవో చెప్పమన్నాను. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. "ఖరహరప్రియ" అంది. వాళ్లు డోరియన్ అనేదీ, మనం ఇరవైరెండో మేళకర్త అనేదీ ఒకే స్వరవరుస. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటని నేను ఒప్పుకోను. త్యాగయ్యగారి ఖరహరప్రియలో గాంధారం ఊగుతుంది, డేవిస్ ట్రంపెట్‌లో నిటారుగా నిలబడుతుంది. ఆ ఊపు ఉంటేనే అది రాగమవుతుంది. ఇంకొక తేడా కూడా ఉంది. నాలుగు దెబ్బలను ఒక ఆవర్తంగా లెక్కపెడితే 'సో వాట్' చుట్టు ముప్పైరెండు ఆవర్తాలు. మొదటి పదహారూ డి మీద నడుస్తాయి, తర్వాతి ఎనిమిది అరమెట్టు పైన, చివరి ఎనిమిది మళ్లీ కింద. గాయకుడు కచేరీ మధ్యలో శ్రుతిపెట్టెను రెండు నుంచి రెండున్నరకు జరిపి తిరిగి రెండుకు దించినట్టన్నమాట. మన పద్ధతిలో ఆధార షడ్జం కదలదు. అందుకే ఆ అరమెట్టు ఎక్కిన చోట మన చెవికి నేల కదిలినట్టుంటుంది. అక్కడ చెవి పెట్టండి. ఆ ప్లేటులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

రెండో వైపు చివరి పాట 'ఫ్లమెంకో స్కెచెస్'. దానికి ముందే అనుకున్న పల్లవి అంటూ లేదు. అయిదు స్వరవరుసలు మాత్రం ఉన్నాయి. వాయించేవాడు ఒక్కొక్కదానిలో తనకు ఇష్టమైనంతసేపు ఉండి తర్వాతిదానిలోకి వెళ్తాడు. అట్ట వెనుక బిల్ ఎవాన్స్ రాసిన మాటల్లో ఈ సంగతి ఉంది. చదవగానే నాకు తోచిన మాట రాగమాలిక. ఆ మాట అనుకున్నాక కోల్ట్రేన్ ఏ రాగం దగ్గర ఎంత నిలిచాడో, ఎవాన్స్ ఎక్కడ త్వరగా దాటేశాడో లెక్కపెట్టుకుంటూ వినడం మొదలైంది. దాన్ని ఇంగ్లిషులోనే తలచుకున్నంత కాలం ఆ లెక్క నాకు రాలేదు.

ఇలాంటి మాటలు నావి మాత్రమే కాదు. మన మిత్రుడు ఒకరు పట్టు నేసే ఇంటి నుంచి వచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు "నాకు సంగీతం తెలియదు" అని వెనక కూర్చున్నారు. ఆ రోజు ఇదే ప్లేటు తిరిగింది. అందరం ట్రంపెట్ గురించి, సాక్సఫోన్ గురించి చెప్పుకున్నాం. చివర ఆయన అన్నారు: "ఆ కింద మోగే పెద్ద తీగె వాద్యం పడుగు అండీ. అది తెగకుండా సాగుతూనే ఉంది. మిగతావాళ్లంతా పేక. రంగు మార్చుకుంటున్నది వాళ్లు." అంతవరకు పాల్ చేంబర్స్ బేస్‌ను మేము ఎవరం విడిగా పట్టించుకోలేదు. ఆ రోజు మళ్లీ మొదటి నుంచి పెట్టి, పడుగును మాత్రమే విన్నాం. నేతగాడి కన్ను ముందు పడుగు మీదే పడుతుంది కదా, ఆయన చెవి కూడా అంతే. సంగీత పత్రికల్లో బేస్ గురించి నేను చాలా చదివాను, ఇంత సూటిగా చెప్పినవారు కనిపించలేదు.

ఒకసారి చేతులు ఇలా పెట్టండి. తకిట తక, తకిట తక. అమ్మా, తొందరపడకండి, తకిటలో మూడూ సమానంగా. ఇదే 'టేక్ ఫైవ్'. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసింది, రాసింది సాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. మన అయిదు దెబ్బల తాళం ఖండచాపులో ముందు రెండు, తర్వాత మూడు: తక తకిట. ఇక్కడ ముందు మూడు, తర్వాత రెండు. అయిదు అయిదే కాని అడుగు వేరు. మూడు, నాలుగు తప్ప ఎరగని అమెరికా రేడియోకు అయిదు కొత్త. మనకు మాత్రం చిన్ననాటి నుంచి తెలిసిన నడక. అంతకు ముందు ఏడాది, 1958లో, బ్రూబెక్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశానికి కూడా వచ్చింది. బొంబాయిలో బ్రూబెక్ సితార్ విద్వాంసుడు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో కలిసి వాయించాడు. ఇంకొక సంగతి, నాకు చాలా గౌరవం కలిగించేది: డెస్మండ్ 1977లో చనిపోతూ తన రచనల మీద వచ్చే రాబడిని అమెరికా రెడ్‌క్రాస్‌కు రాసి ఇచ్చాడు. ఈ ప్లేటు ఎక్కడ మోగినా ఎవరో రోగికి అంతో ఇంతో అందుతుంది.

ఇప్పుడు మన నేల గురించి ఒక మాట. జాజ్ ఎక్కడిదో, మనం ఎక్కడివాళ్లమో అని అడిగే బంధువులు మీకూ ఉంటారు. వారికి ఈ పాత ప్లేటు చూపించండి. ఇది 78 చుట్ల ప్లేటు. బరువు చూడండి. ఇది వినైల్ కాదు, లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలకు పట్టే లక్కపురుగు విడిచిన జిగురు. అడవి పల్లెల వాళ్లు కొమ్మలు కొట్టి, గీరి, సంతకు తెచ్చేవారు. నవరంగపూర్ వైపు లక్క పెట్టెలు, బొమ్మలు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ లక్కను కరిగించి, రాతిపొడి, మసి కలిపి అచ్చు వేస్తే ప్లేటు. ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్ద వాటా మన తూర్పు, మధ్య భారతపు అడవులదే, కలకత్తా రేవు మీదుగా ఓడ ఎక్కేది. ట్రంపెట్ విద్వాంసుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925లో చికాగోలో రికార్డు చేసిన ప్లేట్లు కూడా లక్కతో అచ్చయినవే.

యుద్ధం వచ్చింది. లక్క సైన్యానికి కావాలని 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల కంపెనీల లక్క వాడకానికి డెబ్బై శాతం కోత పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో అక్కడి వాద్యకారుల సంఘం రికార్డింగులు మానేసి సమ్మె చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ లాంటివాళ్లు హార్లెం రాత్రి క్లబ్బుల్లో కొత్త జాజ్‌కు ప్రాణం పోస్తున్నారు. ఆ తొలి రోజుల వాయింపు చాలావరకు గాలిలో కలిసిపోయింది. నా షార్ట్‌వేవ్‌లో పోయిన ముక్కలు తర్వాత ప్లేట్లలో దొరికాయి. అవి మాత్రం ఎవరికీ దొరకవు. దాన్ని తలచుకుంటే నాకు నిజంగా బాధ వేస్తుంది.

లక్క ప్లేటు మీద పది అంగుళాల్లో మూడు నిమిషాలే పట్టేది. విద్వాంసుడు గొంతు సవరించుకునేలోపే గాడి అయిపోయేది. 1948లో వినైల్ మీద 33⅓ చుట్ల పెద్ద ప్లేటు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి దొరికాయి. 1956లో న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెస్ సాక్సఫోన్ మీద ఒక పాట ఆవృత్తిని వరసగా ఇరవైయేడుసార్లు ఆగకుండా వాయించాడు. దాన్ని మూడు నిమిషాల్లో ఎవరు పట్టగలరు? అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మానికి జాగా కావాలి. ఈ పెద్ద ప్లేటు ఆ జాగా ఇచ్చింది.

కలకత్తా మాట వచ్చింది కాబట్టి టెడ్డీ వెదర్‌ఫోర్డ్ గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి పియానో విద్వాంసుడు. 1926లో చికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఒకే బృందంలో రికార్డు చేసినవాడు. తర్వాత ఆసియా నగరాలు తిరిగి, యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్‌లో బృందం నడిపాడు. అక్కడే ప్లేట్లు ఇచ్చాడు. 1945లో అదే నగరంలో కలరాతో చనిపోయాడు, నలభై రెండేళ్లు కూడా నిండకుండానే. ఇక్కడి నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. మన అడవి లక్క, కలకత్తా అచ్చు, చికాగో చేతులు. నేను ఎప్పటికైనా ఆయన ప్లేటు ఒకటి సంపాదించి ఈ బల్లమీద పెట్టాలని ఉంది.

చివరగా మన పెళ్లిబ్యాండు క్లారినెట్ మాస్టారి గురించి. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ఆయన వాయింపు వినని బరంపురం మనిషి ఉండరు. జాజ్ కూడా వీధి బ్యాండ్ల నుంచి, ఊరేగింపుల నుంచి, శవయాత్రల నుంచి పెరిగిందే, న్యూ ఆర్లియన్స్‌లో. పోయిన ఏడు ఆయన వచ్చినప్పుడు ఎలింగ్టన్ 'ఫార్ ఈస్ట్ సూట్' పెట్టాం. 1963లో మన దేశం మీదుగా సాగిన పర్యటన తర్వాత ఎలింగ్టన్, స్ట్రేహార్న్ కట్టింది. అందులో ఒక పాటలో క్లారినెట్ వాయించింది జిమ్మీ హామిల్టన్. పాట పేరు మేము చెప్పలేదు. రెండోసారి ఆ చిన్న ముక్క రాగానే మాస్టారు కళ్లు మూసుకుని, వేళ్లు మోకాలి మీద కదుపుతూ, "ఇది పిట్ట. గోరింక" అన్నారు. అట్ట తిప్పి చూపించాం. 'బ్లూబర్డ్ ఆఫ్ డెల్హీ', పక్కనే కుండలీకరణాల్లో మైనా. ఆయనకు ఇంగ్లిషు చదవడం రాదు. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి ఆ పాటను నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ నాకు గోరింకే కనిపించింది.

ప్రశ్నలు అడగమంటున్నారు. అడగండి.

బూజు గురించా? మంచి ప్రశ్న. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. వానాకాలంలో లోపలి సంచుల్లో తడి నిలవకుండా చూసుకోండి. బూజు పడితే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండిన మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, అడ్డంగా తుడవకండి. లక్క ప్లేటుకు మాత్రం స్పిరిటు తగలనివ్వకండి. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరిగించే కదా చెక్కకు పాలిష్ పెడతారు, ప్లేటు కూడా అలాగే కరుగుతుంది.

ఏమ్మా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది వినాలంటావా? వాద్యం కంటే గొంతు త్వరగా దగ్గరవుతుంది. 1956లో వచ్చిన 'ఎల్లా అండ్ లూయిస్' విను. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, ఆర్మ్‌స్ట్రాంగ్, వెనక ఆస్కార్ పీటర్సన్ పియానో. ఒక గొంతు తేనె, ఒక గొంతు గరుకు. ఆ గరుకు గొంతు మాట ముగించే చోట ఊపిరి ఎలా వదులుతుందో చూడు. అదిగో, ఎడమవైపు నుంచి మూడోది, మన నర్సమ్మగారు తెచ్చారు. ఆవిడ సరేనంటున్నారు, ఇంటికి తీసుకెళ్లి వచ్చే నెల తెచ్చి ఇవ్వు. అట్ట కింది మూల దగ్గర చిన్న చిరుగు ఉంది, అది ముందు నుంచీ ఉన్నదే.